ఏడు పెంకులాట ఆడించే పద్ధతి

ఏడు పెంకులాటకు కావలసినవి ఏడు పెంకులు, ఒక బంతి మాత్రమే అయినా, పెంకుల ఎంపికలో అశ్రద్ధ చేస్తే ఆట సాగదు. ఒంపు తిరిగిన నాటు పెంకు ముక్కలు ఒకదానిపై ఒకటి నిలవవు కనుక, బల్లపరుపుగా ఉన్న బంగళా పెంకు ముక్కలనో, పలుచని నాపరాయి ముక్కలనో ఏరి, చేతులు కోసుకోకుండా వాటి అంచులను గరుకు బండ మీద అరగదీయాలి. అడుగున అరచేయంత ముక్క ఉంచి, పైకి పోయేకొద్దీ చిన్నవి పేర్చాలి. బంతి టెన్నిస్‌దైతే మేలు. క్రికెట్ బంతిని దగ్గరకు రానివ్వకూడదు.

జట్లను ఉపాధ్యాయులు విడదీయకపోవడమే మంచిది. సమానమైన సత్తా ఉన్న ఇద్దరిద్దరు పక్కకు వెళ్లి, రహస్యంగా పేర్లు పెట్టుకొని వచ్చి, "మామిడిపండు కావాలా, జామపండు కావాలా?" అని నాయకులను అడిగే పాత పద్ధతిలో పక్షపాతానికి తావుండదు. ముందు ఎవరు కొట్టాలో తేల్చడానికి ఒక పెంకును ఒకవైపు తడిపి, "తడా, పొడా?" అని ఎగరేస్తే సరిపోతుంది.

పెంకులకు పదిహేను అడుగుల దూరంలో గీత గీసి, కొట్టే జట్టులో ఒక్కొక్కరికి మూడేసి అవకాశాలు ఇవ్వాలి. పెంకులు పడగానే కొట్టిన జట్టు వాటిని తిరిగి పేర్చడానికి ప్రయత్నిస్తుంది, ఎదుటి జట్టు బంతితో వారిని కొడుతుంది. బంతి చేతిలో ఉన్నవారు పరుగెత్తకూడదు, తోటివారికి అందించాలి. నడుము కింద తగిలితేనే ఔట్. దెబ్బ తిన్నవారు ఒక్కరే తప్పుకోవాలా, జట్టంతా ఓడినట్టా అన్నది ఊరికో తీరుగా ఉంటుంది కనుక ముందే అనుకోవాలి.

కొత్త పిల్లలు బలమంతా పెట్టి విసురుతారు. పెంకులు చెల్లాచెదురైతే ఏరుకోవలసింది తమ జట్టే అని వారికి తోచదు. పై రెండు మూడు పెంకులు మాత్రమే రాలేలా బంతిని ఒరిపించి కొట్టడం అసలైన నేర్పు. పేర్చేటప్పుడు కూడా అందరూ ఒకేసారి మీద పడకుండా, ఒకరు అటూ ఇటూ ఉరికి బంతిని తమవైపు లాగుతుంటే మరొకరు చేతికందిన వాటిలో పెద్ద పెంకు నుంచి మొదలుపెట్టాలి. ఏడూ నిలిచాక, ముందుగా అనుకున్న మాటను గట్టిగా అరిస్తేనే పాయింటు. అరిచేలోపు పై పెంకు జారితే మళ్లీ పేర్చవలసిందే.