సిమ్యులేటర్ ఇన్‌స్ట్రక్టర్ పనితనాన్ని అంచనా వేయడం ఎలా?

టైప్ రేటింగ్‌కు (ఒక నిర్దిష్ట రకం విమానాన్ని నడిపే అర్హత కోసం చేసే శిక్షణకు) వెళ్లే కొత్త పైలట్లు తమ ఇన్‌స్ట్రక్టర్ ఎన్ని వేల గంటలు ఎగిరారోనని ముందుగా ఆరా తీస్తారు. ఆ లెక్క ఆయనకు విమానం నడపడం వచ్చునని చెబుతుందే గాని, నేర్పడం వచ్చునని చెప్పదు. ఆ సంగతి తొలి సెషన్‌లోనే మీరు కనిపెట్టవచ్చు.

సెషన్‌కు ముందు చెప్పే వివరణతో, అంటే బ్రీఫింగ్‌తో మొదలుపెట్టండి. నాలుగు గంటల సెషన్‌ను సాధారణంగా ఇద్దరు ట్రైనీలు పంచుకుంటారు కాబట్టి, కాక్‌పిట్‌లో కూర్చున్నాక పాఠం చెప్పడమంటే మీ సమయాన్ని హరించడమే. ఆ రోజు చేయవలసిన అభ్యాసాలేమిటో, ఎంత బాగా చేస్తే సరిపోతుందో లోపలికి వెళ్లకముందే చెప్పకపోతే, మీరే అడగండి.

ఆయన అసలు సత్తా మీరు తప్పు చేసినప్పుడు బయటపడుతుంది. ఏ320 టేకాఫ్ పరుగులో వీ1 (ఇక టేకాఫ్‌ను ఆపకూడని వేగం) దాటగానే ఎడమ ఇంజిన్ ఆగిపోయిందనుకుందాం. ముక్కు ఎడమకు తిరుగుతుంది, కంగారులో మీరు ముక్కును మరింత ఎడమకే తిప్పే ఎడమ పెడల్‌ను తొక్కుతారు, రన్‌వే అంచు దీపాలు మీదికి వచ్చేస్తాయి. "తప్పు, మళ్లీ చేయండి" అని విమానాన్ని రన్‌వే మొదటికి తెచ్చి పెట్టేవారు కొందరున్నారు. పని తెలిసిన ఇన్‌స్ట్రక్టర్ సిమ్యులేటర్‌ను అక్కడే ఆపి, "ముక్కు ఎటు పోతోంది? ఆ క్షణంలో మీరు దేన్ని చూస్తున్నారు?" అని అడుగుతారు. ఇంజిన్ మీటర్లను చూస్తున్నానని మీరు ఒప్పుకుంటే, తప్పు చూపు దగ్గరే మొదలైందని ఇద్దరికీ తెలుస్తుంది. రెండోసారి మీ చూపు రన్‌వే చివర నిలుస్తుంది, కుడి కాలు తనంతట తానే కదులుతుంది.

సిమ్యులేటర్‌లో జరిగిందంతా ఆకాశంలోనూ జరుగుతుందని నమ్మించేవారితో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. 2001 నవంబర్ 12న న్యూయార్క్‌లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఏ300 విమానం, ముందు వెళ్లిన 747 వదిలిన గాలి సుడుల్లో చిక్కినప్పుడు, ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్) రడ్డర్ (ముక్కును పక్కలకు తిప్పే తోక పలక) పెడళ్లను అవసరానికి మించి అటూ ఇటూ తొక్కడంతో నిలువు తోక విరిగిపోయింది. నేల మీది ఐదుగురితో కలిపి 265 మంది మరణించారు. రడ్డర్ వ్యవస్థ రూపకల్పనతో పాటు ఆ సంస్థ శిక్షణలోని కొన్ని అంశాలు కూడా ఇందుకు దోహదం చేశాయని దర్యాప్తు జరిపిన అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2004లో తేల్చింది. ఆ శిక్షణలోని ఒక సిమ్యులేటర్ అభ్యాసం, గాలి సుడి ప్రభావం ఉన్నదానికన్నా చాలా తీవ్రంగా ఉంటుందన్న భావన కలిగించి ఉండవచ్చని కూడా చెప్పింది. అందుకే కొత్త అభ్యాసం చేసిన ప్రతిసారీ "విమానంలోనూ ఇది ఇలాగే ఉంటుందా?" అని అడగండి. ఫలానా చోట ఈ యంత్రాన్ని నమ్మకూడదని చెప్పగలిగిన ఇన్‌స్ట్రక్టర్ దొరికితే మీరు అదృష్టవంతులే.

సెషన్ తర్వాతి సమీక్షలో, అంటే డీబ్రీఫింగ్‌లో, పాత ముచ్చట్లు వినడానికి బాగానే ఉంటాయి గాని, మీకు మిగిలేది మీ ఫైల్లో రాసిన వాక్యమే. "హ్యాండ్లింగ్ మెరుగుపడాలి" అన్న మాటతో రేపు ఏం సరిదిద్దుకోవాలో మీకు తెలియదు. "నేల విడిచాక సైడ్‌స్లిప్ గుర్తును మధ్యకు తేవడంలో ఆలస్యం" అని రాస్తే (విమానం పక్కకు జారడాన్ని తెర మీద చూపే గుర్తు అది) తెలుస్తుంది. సంతకం పెట్టేముందు అలాంటి వాక్యమే రాయమని మర్యాదగా కోరండి. రెండు మూడు సెషన్ల తర్వాత కూడా మార్పు లేకపోతే, తేదీలతో, అభ్యాసాల పేర్లతో సహా శిక్షణ విభాగం అధిపతికి రాసి ఇచ్చి, వేరే ఇన్‌స్ట్రక్టర్‌ను అడగండి.