పార్కు బాటల్లో మౌంటెన్ బైక్ లూప్: తీసుకోవలసిన జాగ్రత్తలు

ఓ మోస్తరు కష్టమున్న లూప్, అంటే బయల్దేరిన చోటికే తిరిగొచ్చే చుట్టుదారి అనగానే చాలామంది ధీమాగా బయల్దేరతారు. పెద్ద బండలు ఉండవు, లోయలు ఉండవు, సగం దూరం గ్రీన్‌వే (నడిచేవాళ్లకీ సైకిళ్లకీ వేసిన కాంక్రీటు బాట) మీద చదునుగా సాగిపోతుంది కదా అనుకుంటారు. నన్నడిగితే ఇలాంటి దారిలో ఎక్కువ జాగ్రత్తపడాల్సింది ఒక రకం బాట ఇంకో రకం బాటలో కలిసే చోట. మట్టి నుంచి కాంక్రీటుకి, చెట్ల నీడలోంచి ఎండలోకి, ఖాళీ దారి నుంచి జనం మధ్యకి. కళ్లూ చేతులూ ఇంకా వెనకటి బాటలోనే ఉంటాయి, చక్రం మాత్రం కొత్త బాట మీదికి వచ్చేస్తుంది.

ముందు, ఆ 'మోస్తరు' అంటే ఎంతో తెలుసుకోండి. అంతర్జాతీయ మౌంటెన్ బైసైక్లింగ్ అసోసియేషన్ పద్ధతిలో దీనికి గుర్తు నీలం చదరం. అంటే బాట 60 సెంటీమీటర్ల దాకా ఇరుకవ్వచ్చు, తప్పించుకోలేని అడ్డంకులు 20 సెంటీమీటర్ల ఎత్తు వరకు ఉండొచ్చు. సగటు వాలు 10 శాతం లోపే అయినా అక్కడక్కడా 15 శాతం దాటొచ్చు. 20 సెంటీమీటర్ల వేరు అంటే కొత్తవాళ్లకి తక్కువేం కాదు. పైగా రంగుల లెక్క అన్ని దేశాల్లో ఒకటి కాదు, కొన్ని చోట్ల నీలానికీ నలుపుకీ మధ్య ఎరుపు కూడా ఉంటుంది. కాబట్టి రంగు చూసి ఊరుకోకుండా బోర్డు మీద రాసింది మొత్తం చదవండి. మ్యాప్‌ని ఒక ఫొటో తీసుకోండి, చెట్ల మధ్య సిగ్నల్ దొరక్కపోతే అదే దిక్కు.

సైకిల్ విషయంలో నేను అన్నిటికంటే ముందు చూసేది టైర్లలో గాలి. టైరు పక్కన అచ్చేసి ఉండే గరిష్ఠ అంకె దాకా కొట్టేసేవాళ్లు చాలామంది ఉన్నారు. రాయిలా బిగిసిన టైరు వేర్ల మీద ఎగిరి పడుతుంది, వదులు మట్టిలో పట్టు దొరకదు. ట్యూబ్ ఉంటే సుమారు 25 నుంచి 35 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), ట్యూబ్‌లెస్ అయితే 20 నుంచి 28 చాలామందికి సరిపోతుంది. బరువైనవాళ్లకి కాస్త ఎక్కువ, ముందు చక్రానికి వెనకదాని కంటే కాస్త తక్కువ. మరీ తగ్గించినా కష్టమే. రాయి తగలగానే రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబ్ నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. గ్రీన్‌వే మీద సైకిల్ బరువుగా లాగుతున్నట్టు అనిపించి మధ్యలో గాలి ఎక్కించాలనిపిస్తుంది. వద్దు, ముందున్న మట్టి బాటని గుర్తుపెట్టుకోండి.

బ్రేకు నొక్కితే లివర్ హ్యాండిల్ దాకా వచ్చేయకూడదు. చైన్‌కి నూనె వేసేటప్పుడు చక్రం మధ్యనుండే బ్రేకు డిస్క్ మీద ఒక్క చుక్క కూడా పడనివ్వకండి, పడితే బ్రేకు పట్టదు. రెండు చక్రాల ఇరుసులూ బిగుతుగా ఉన్నాయో లేదో చూసి, సైకిల్‌ని కొంచెం పైకెత్తి నేల మీద వదలండి. ఎక్కడైనా గలగలమంటే ఆ చోటు వెతికి బిగించాకే బయల్దేరాలి. హెల్మెట్ కనుబొమలకి రెండు వేళ్ల పైన, తల మీద సమంగా కూర్చోవాలి. వెనక్కి జారిపోయి నుదురంతా బయటికి కనిపిస్తుంటే పెట్టుకున్నా పెద్దగా లాభం లేదు. స్పేర్ ట్యూబ్, పంపు, టైరు ఊడదీసే లివర్లు, మల్టీటూల్ (రకరకాల పనిముట్లు మడిచి ఉండే చిన్న సాధనం) వెంట ఉండాలి. ట్యూబ్‌లెస్ వాళ్లకి కూడా ట్యూబ్ కావాలి, పెద్ద చీలిక పడితే టైరు లోపల పోసే సీలెంట్ ద్రవం గాలిని ఆపలేదు.

ఇప్పుడు బాటలు కలిసే చోట్ల సంగతి. కాంక్రీటు అంచు పక్కనున్న మట్టి కంటే కాస్త ఎత్తులో ఉంటుంది. ఎదుటివాళ్లకి దారిచ్చి మట్టిలోకి దిగినవాళ్లు మళ్లీ ఎక్కేటప్పుడు అంచు వెంబడే ఏటవాలుగా ఎక్కాలని చూస్తారు. ముందు చక్రం అంచుకి ఒరుసుకుంటూ జారుతుంది, మనిషి పక్కకి పడిపోతాడు. వేగం తగ్గించి, చక్రాన్ని అంచుకి వీలైనంత ఎదురుగా తిప్పి ఎక్కండి. కుదరకపోతే కాలు దించి ఎక్కించండి. గ్రీన్‌వే మొదట్లో వాహనాలు రాకుండా పాతే పొట్టి స్తంభాలు ఇంకో ప్రమాదం. మొదట వెళ్లేవాళ్లు పక్కకి తప్పుకుంటారు, ఆనుకుని వచ్చేవాళ్లకి అవి ఆఖరి క్షణంలో కనిపిస్తాయి. గుంపుగా వెళ్తుంటే ముందున్నవాళ్లు గట్టిగా చెప్పాలి. తడిసిన చెక్క వంతెన మీద బ్రేకు వేయకుండా, హ్యాండిల్ తిప్పకుండా తిన్నగా పోనివ్వండి, వేగం తగ్గించేది ఏదైనా వంతెనకి ముందే. తడి వేర్లకీ ఇదే పద్ధతి.

గ్రీన్‌వే నడిచేవాళ్లది కూడా. దూరం నుంచే బెల్ కొట్టి, వాళ్లు విన్నారని తెలిసేదాకా నెమ్మదిగా రండి. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్లు వినరు, పిల్లలు విని అటో ఇటో పరిగెడతారు. కుక్క బాటకి ఒక పక్క, యజమాని ఇంకో పక్క ఉంటే మధ్యలో పట్టీ ఉందనే అనుకోండి. మట్టి బాటలో దిగేవాళ్లు ఎక్కేవాళ్లకి దారివ్వాలి.

లూప్‌లో ఇంకో చిక్కు ఉంది. సగం దాటాక వెనక్కి తిరిగినా ముందుకి వెళ్లినా దూరం తక్కువేం కాదు. అందుకే మూడో వంతు దగ్గర ఆగి నీళ్లు, వెలుతురు, ఒళ్లు ఎలా ఉన్నాయో చూసుకోవాలి. అప్పటికే నీళ్లు సగం అయిపోతే తిరిగి రావడమే మేలు. ఇంట్లో చెప్పేటప్పుడు ఎన్నింటికి వస్తారో చెప్పడంతో పాటు ఏ వైపు నుంచి తిరుగుతున్నారో కూడా చెప్పండి, వెతకాల్సి వస్తే ఎటు నుంచి మొదలుపెట్టాలో తెలుస్తుంది. వాన పడ్డ మర్నాడు టైర్లకి మట్టి ముద్దలు అంటుకుంటుంటే వెనక్కి వచ్చేయండి. మీరు జారడం ఒక ఎత్తు, తడి మట్టిలో టైర్లు చేసిన గాడులు ఎండి గట్టిపడి తర్వాత వచ్చేవాళ్లందరికీ ఇబ్బంది.

పడితే వెంటనే లేచి ఎక్కేయకండి. ముందు బాట పక్కకి జరగండి. తలకి దెబ్బ తగిలి తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, మాట తడబడటం, మగతగా ఉండటం లాంటివి కనిపిస్తే ఆ రోజుకి సైకిల్ తొక్కడం ఆపేసి డాక్టర్‌ని కలవాలి. గట్టిగా గుద్దుకున్న హెల్మెట్‌ని పైకి బాగానే కనిపించినా మార్చేయండి, లోపలి ఫోమ్ ఒకసారి నలిగితే రెండోసారి కాపాడదు.