సంక్రాంతికి మోటారు సైకిల్ మీద ఊరికి: సామాను కట్టే ముందు జాగ్రత్తలు

జనవరి రెండో వారం వచ్చేసరికి హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద కార్లు, బస్సుల మధ్య సామాను కట్టుకున్న మోటారు సైకిళ్లు కూడా వరుసగా కనిపిస్తాయి. రైల్లో బెర్తు దొరకనివారు, బస్సు టిక్కెట్టు ధర భరించలేనివారు, పండుగ నాలుగు రోజులూ ఊళ్లో తిరగడానికి సొంత బండి ఉంటే మేలనుకునేవారు ఇలా బయలుదేరతారు. విజయవాడకే సుమారు 270 కిలోమీటర్లు ఉంటుంది. గోదావరి జిల్లాలకు వెళ్లేవారికి మరో వంద, నూట యాభై కిలోమీటర్లు తోడవుతాయి. ఇంత దూరం కదా అని వారం ముందే బండిని సర్వీసింగుకు ఇచ్చేవారు కూడా సామాను మాత్రం బయలుదేరే రోజు తెల్లవారుజామున, చీకట్లో, చేతికి దొరికిన తాడుతో కట్టేస్తారు. దారిలో ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఆ పావుగంట తొందరలోనే ఉంటుందని నా నమ్మకం.

మొదట తేల్చుకోవలసింది బరువు. ప్రతి బండికీ అది మోయగల గరిష్ఠ భారం ఎంతో యజమానికి ఇచ్చే పుస్తకంలో రాసి ఉంటుంది. మన వీధుల్లో తిరిగే చాలా బళ్లకు అది సుమారు 130 నుంచి 180 కిలోల మధ్య ఉంటుంది. ఈ లెక్కలో సామాను ఒక్కటే కాదు, నడిపేవారు, వెనక కూర్చునేవారు, మనం తరువాత బిగించుకున్న క్యారియర్, సైడు బ్యాగులు అన్నీ కలిసే ఉంటాయి. 130 కిలోలు మోయగల బండి మీద 70 కిలోల భర్త, 60 కిలోల భార్య కూర్చుంటే ఆ హద్దు అక్కడికే పూర్తవుతుంది. ఆపైన కట్టే ప్రతి సంచీ హద్దు దాటినట్టే. చిన్న బండి మీద ఇద్దరు వెళ్లేటప్పుడు రెండు రోజుల బట్టలు, మందులు, కాగితాలు, పనిముట్లు తప్ప మరేమీ పెట్టుకోవద్దని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. మిగిలినవాటిని ముందుగానే ఆర్టీసీ కార్గోలో పంపవచ్చు. సంచుల బరువును చేతితో ఎత్తి అంచనా వేయకుండా కిరాణా దుకాణం కాటా మీదనో, ఇంట్లోని బరువు తూచే యంత్రం మీదనో చూసుకోవాలి.

బరువు ఎంత ఉందన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ ఉందన్నదీ అంతే ముఖ్యం. వెనక చక్రపు ఇరుసు దాటి, క్యారియర్ చివర బరువు పెడితే ఏతం ఒక కొన తొక్కినప్పుడు రెండో కొన లేచినట్టుగా ముందు చక్రం మీది భారం తగ్గుతుంది. అప్పుడు హ్యాండిల్ చేతిలో తేలికగా, పట్టు లేనట్టుగా అనిపిస్తుంది. వేగం పెరిగేకొద్దీ బండి తల ఊపడం మొదలుపెడుతుంది. పక్కనుంచి లారీ దూసుకుపోయినప్పుడు, నది వంతెన మీద అడ్డగాలి కొట్టినప్పుడు ఈ ఊపు ఒక్కసారిగా ఎక్కువవుతుంది. కాబట్టి బరువైన వస్తువులు వీలైనంత కిందికి, వీలైనంత ముందుకి, అంటే నడిపేవారి దగ్గరగా రావాలి. పనిముట్లు, చెప్పులు, నీళ్ల సీసాలు, డబ్బాలు సైడు బ్యాగుల అడుగున ఉండాలి. దుప్పటి, స్వెట్టర్లు, బట్టలు మాత్రమే క్యారియర్ మీదికి వెళ్లాలి. కావడి రెండు కుండలూ తూగినట్టు కుడి, ఎడమ సంచుల బరువు దాదాపు సమానంగా ఉండేలా చూడాలి. హ్యాండిల్‌కు చిన్న సంచి కూడా తగిలించకూడదు. అది మలుపులో ట్యాంకుకు అడ్డుపడుతుంది, లేదా బ్రేకు, క్లచ్ తీగలను నొక్కుతుంది. నడిపేవారి వీపున బరువైన బ్యాగు ఉంటే రెండు గంటల్లో భుజాలు లాగేస్తాయి, పడితే అందులోని గట్టి వస్తువు వెన్నెముకకే తగులుతుంది.

కుడివైపు సంచి విషయంలో మరో జాగ్రత్త అవసరం. చాలా బళ్లకు సైలెన్సర్ ఆ వైపే ఉంటుంది. ఒక ఏడాది సూర్యాపేట దాటాక కాలిన ప్లాస్టిక్ వాసన వస్తే ఆగి చూశాను. ఇంటి దగ్గర జానెడు ఎత్తున ఉన్న సంచి కుదుపులకు జారి సైలెన్సర్‌ను తాకి, అడుగు కరిగి, లోపలి చీర అంచు వరకు మాడింది. సంచి ఖాళీగా ఉన్నప్పుడు కాక, నింపి, వెనక మనిషి కూర్చున్నాక ఎంత కిందికి దిగుతుందో చూసి కట్టాలని ఆ రోజు అర్థమైంది. ఎడమవైపు కట్టిన సంచి చైను మీదికో, చక్రపు ఊచల్లోకో జారితే జరిగే నష్టం ఇంకా పెద్దది; చక్రం ఒక్కసారిగా పట్టేస్తుంది.

కట్టేటప్పుడు బండిని గట్టి నేల మీద మెయిన్ స్టాండు వేసి నిలపాలి. సైడు స్టాండు మీద నింపితే బరువు ఒకవైపు పడి, మెత్తని మట్టిలో స్టాండు దిగబడి బండి ఒరిగిపోతుంది. రెండు చివరలా కొక్కేలున్న సాగే రబ్బరు తాళ్లు చవకగా దొరుకుతాయి కాని, పెద్ద బరువుకు వాటిని ఒంటరిగా నమ్మకూడదు. గతుకులకు సాగి వదులవుతాయి, కొక్కెం తప్పితే విసురుగా వచ్చి కంటికి తగిలే ప్రమాదం ఉంది. బకిల్ ఉన్న సాగని పట్టీలు రెండైనా కొనుక్కుని, వాటితో బిగించి, పైన రబ్బరు వల వేసుకోవడం మంచిది. పట్టీలను క్యారియర్, చాసిస్ వంటి ఇనుప భాగాలకే కట్టాలి. ఇండికేటర్‌కో, ప్లాస్టిక్ ప్యానెల్‌కో కట్టకూడదు. మిగిలిన కొసలను వేలాడనివ్వకుండా మడిచి ముడివేయాలి. కట్టడం పూర్తయ్యాక సంచిని పట్టుకుని గట్టిగా ఊపితే సంచి ఒక్కటే కాక బండి మొత్తం కదలాలి. వెనక లైటు, ఇండికేటర్లు, నంబరు ప్లేటు దేని కిందా దాగకూడదు. జనవరి తెల్లవారుజామున మంచు కమ్మిన దారిలో వెనక వచ్చే లారీ డ్రైవరుకు మన ఉనికి తెలిపేది ఆ చిన్న ఎర్ర దీపం ఒక్కటే.

సామాను ఎక్కాక బండి అమరికలు కూడా మారాలి. ఒక్కరు వెళ్లేటప్పుడు, ఇద్దరు వెళ్లేటప్పుడు వెనక టైరులో ఉండవలసిన గాలి వేరు వేరుగా పుస్తకంలోనూ, చాలా బళ్లకు చైను కవరు దగ్గరి స్టిక్కరు మీదా ఉంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడే, ఇంటి దగ్గరి బంకులో గాలి పట్టించుకోవాలి. వెనక షాక్ అబ్జార్బర్లకు మెట్లున్న సర్దుబాటు ఉంటే రెండు వైపులా ఒకే మెట్టుకు బిగించాలి. వెనక భాగం కిందికి దిగితే హెడ్‌లైటు వెలుగు పైకి లేచి ఎదుటివారి కళ్లలో పడుతుంది, మన దారి మాత్రం చీకటిగానే మిగులుతుంది. కాబట్టి మనుషులు కూర్చున్నాక చూసి లైటును కాస్త దించుకోవాలి. చైను మరీ బిగువుగా ఉండకూడదు, భారం పడినప్పుడు అది ఇంకా బిగుస్తుంది.

నాకు అన్నిటికన్నా భయం కలిగించేవి చీర కొంగు, చున్నీ. సామాను వల్ల వెనక కూర్చునే చోటు తగ్గి, ఒకపక్కకు కూర్చున్న స్త్రీ ఇంకా అంచుకు జరిగినప్పుడు కొంగు చక్రానికి మరింత చేరువవుతుంది. చక్రంలో చిక్కిన గుడ్డ క్షణంలో మెడకు ఉరిలా బిగుస్తుంది, లేదా మనిషిని కిందికి లాగేస్తుంది. వెనక కూర్చునేవారికి చేతిపట్టు, కాలు పెట్టుకునే మెట్టు, వెనక చక్రంలో కనీసం సగం కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వది చెబుతోంది. సైడు బ్యాగులు కట్టడానికి అడ్డమని చీర గార్డును విప్పించేవారిని చూశాను. దయచేసి ఆ పని చేయకండి. దూర ప్రయాణానికి సల్వారో, ప్యాంటో వేసుకుని, చున్నీ సంచిలో పెట్టి, రెండు వైపులా కాళ్లు వేసి కూర్చోవడమే క్షేమం. ఇద్దరికీ హెల్మెట్ ఉండాలి. చట్టం వెనక ఒక్కరినే అనుమతిస్తుంది కాబట్టి పిల్లవాణ్ణి ట్యాంకు మీదనో, ఇద్దరి మధ్యనో కూర్చోబెట్టి, ఆపైన సామాను కట్టి ఇంత దూరం బయలుదేరవద్దు. పిల్లలున్నవారు బస్సులోనే రండి.

బయలుదేరిన పది, పదిహేను కిలోమీటర్లకు ఒకసారి ఆగి పట్టీలన్నీ మళ్లీ బిగించుకోవాలి. సామాను అప్పటికి సర్దుకుని వదులై ఉంటుంది. ఆ తరువాత టీకి ఆగిన ప్రతిచోటా చేయి వేసి చూసుకోవాలి. బరువు మీదున్న బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది కనుక ముందు వాహనం దాటిన స్తంభాన్ని మనం చేరడానికి కనీసం నాలుగు సెకన్లు పట్టేంత ఎడం ఉంచాలి. పంక్చరు సామాను, టార్చిలైటు, కాగితాలు అన్ని మూటల అడుగున కాక, ఏదీ విప్పకుండా చేతికందేలా ఉండాలి.

తిరుగు ప్రయాణం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వెళ్లేటప్పుడు లెక్క చూసుకున్నవారే వచ్చేటప్పుడు మరచిపోతారు. అరిసెల డబ్బా, నెయ్యి సీసా, అర బస్తా కొత్త బియ్యం, మినుములు, నాలుగు కొబ్బరికాయలు అమ్మ ప్రేమతో కడుతుంది. వద్దనడానికి మనసు రాదు. ఆ అర బస్తా బియ్యమే ఒక పన్నెండేళ్ల పిల్లవాడి బరువుకు దగ్గరగా ఉంటుంది, పైగా అది క్యారియర్ చివరకే చేరుతుంది. పండుగ అలసట, నిద్రలేమి, రద్దీ దానికి తోడవుతాయి. అమ్మకు ముందే నచ్చజెప్పి బియ్యం, పప్పులు కార్గోలో వేసి, అరిసెలు మాత్రం సంచిలో పెట్టుకోవాలి. ఊళ్లో బయలుదేరే ముందు మళ్లీ మొదటి నుంచీ బరువు, గాలి, పట్టీలు, వెనక లైటు చూసుకోవాలి. ఇల్లు చేరి సామాను దించిన మరునాడు టైరులో గాలి, షాక్ అబ్జార్బర్లు, హెడ్‌లైటు మామూలు స్థితికి మార్చుకున్నాకే బండిని ఆఫీసుకు తీయాలి.