కుక్కకు క్రమశిక్షణ – నాలుగో పాఠం: మీదికి దూకే అలవాటును మాన్పించడం

గత పాఠంలో "కూర్చో" అనే ఒక్క మాటకు కుక్క కూర్చునేలా అలవాటు చేయడం నేర్చుకున్నాము. ఇంట్లో ఏ సందడీ లేనప్పుడు పదిసార్లు చెబితే కనీసం ఎనిమిదిసార్లు ఆ మాట పనిచేస్తున్నప్పుడే ఈ పాఠానికి రావాలి. లేకపోతే మరో నాలుగు రోజులు అక్కడే సాధన చేయడం మంచిది. ఈ వారం తీసుకుంటున్నది కుక్క ఉన్న చాలా ఇళ్ళలో వినిపించే ఫిర్యాదు: గుమ్మంలో ఎవరు అడుగుపెట్టినా మీదికి దూకడం.

కుక్క ఇలా దూకడంలో పొగరు లేదు. కుక్కపిల్లలు పెద్ద కుక్కల మూతి చివరలను నాకి పలకరిస్తాయి. మన ముఖం ఎత్తులో ఉంటుంది కనుక దాన్ని అందుకోవడానికి ఎగురుతాయి. రెండు నెలల పిల్ల ఎగిరినప్పుడు ఎత్తుకుని ముద్దు చేసిన మనమే, అది పాతిక కిలోల లాబ్రడార్ అయ్యాక అదే పని చేస్తే కసురుకుంటున్నాము. దాని దృష్టిలో మర్యాద మారలేదు.

మోకాలితో గుండె మీద పొడవమనీ, వెనక కాళ్ళు తొక్కమనీ సలహా ఇచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. మొదట్లో నేనూ వార్తాపత్రికను చుట్టగా చుట్టి మా కుక్క మూతి మీద తట్టేవాణ్ణి. దూకడం మానలేదు సరికదా, పొద్దున్నే చదువుకుందామని పత్రిక చేతిలోకి తీసుకుంటే చాలు, అది మంచం కిందికి దూరి ముందుకాళ్ళ మధ్య తల పెట్టుకుని వణికేది. నేను నేర్పాలనుకున్నది ఒకటి, అది నేర్చుకున్నది మరొకటి. ఆ వణుకు పోవడానికి చాలా నెలలు పట్టింది. జంతువును కొట్టడం మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరమన్న సంగతి కూడా చాలామందికి తెలియదు.

మరి శిక్ష ఏది? కుక్క దేనికోసం దూకుతున్నదో దాన్ని అందకుండా చేయడమే. అది కోరేది మన చూపు, మన మాట, మన చేయి. "ఛీ, పో" అని అరిచినా, రెండు చేతులతో తోసినా ఆ మూడూ దానికి దొరికినట్టే. చాలా కుక్కలు తోయడాన్ని ఆటగానే తీసుకుంటాయి.

సాయంత్రం మీరు ఇంటికి వచ్చే సమయాన్నే పాఠంగా తీసుకోండి. తలుపు తీయగానే కుక్క వెనక భాగాన్ని గమనించండి. ముందుకాళ్ళు నేల విడవడానికి ఒక్క క్షణం ముందు నడుము కొద్దిగా కుంగి, బరువంతా వెనక కాళ్ళ మీదికి వెళుతుంది. "కూర్చో" అనవలసింది ఆ క్షణంలోనే. మాట ఆలస్యమై పంజాలు మీ తొడలకు తగిలితే, చేతులు రెండూ ఛాతీ మీద కట్టుకుని, పెదవి విప్పకుండా వీపు తిప్పి నిలబడండి. నాలుగు కాళ్ళూ నేలకు ఆనిన తరువాత మనసులో రెండు అంకెలు లెక్కపెట్టి, ఇటు తిరిగి, కొంచెం వంగి, తల మీద కాకుండా గొంతు కింద మెల్లగా నిమరండి. శనగగింజంత కోడిమాంసం ముక్క కూడా పెట్టవచ్చు, ఉప్పూ ఉల్లిపాయా లేకుండా ఉడికించినదైతే. మళ్ళీ దూకితే మళ్ళీ వీపు తిప్పాలి. మూడోసారీ దూకితే మాట్లాడకుండా బయటికి వెళ్ళి తలుపు మూసి, పదిహేను సెకన్లు ఆగి తిరిగి రండి.

ఈ శిక్ష తప్పు జరిగిన క్షణంలోనే పడాలి. పది నిమిషాల తరువాత మట్టి మరకలు చూపించి మందలిస్తే కుక్క చెవులు వాల్చి చూపు తప్పిస్తుంది. తప్పు తెలుసుకున్నదని మనం అనుకుంటాము. కుక్కల ప్రవర్తనను అధ్యయనం చేసే శాస్త్రవేత్త అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 2009లో ప్రచురించిన పరిశోధనలో, తప్పు చేసినా చేయకపోయినా యజమాని మందలించినప్పుడే ఆ ముఖం ఎక్కువగా కనిపించింది. అది మన కోపానికి జవాబు మాత్రమే.

మొదటి రెండు మూడు రోజుల్లో దూకడం తగ్గకపోగా పెరగవచ్చు, మొరుగుడు కూడా తోడు కావచ్చు. ఇన్నాళ్ళూ ఫలించిన పని ఒక్కసారిగా ఫలించకపోతే కుక్క మరింత గట్టిగా ప్రయత్నిస్తుంది. చాలామంది ఇక్కడే "ఇది మా కుక్కకు పనిచేయదు" అని వదిలేస్తారు. అంతకంటె పెద్ద చిక్కు ఇంట్లోవాళ్ళతోనే. నలుగురు వీపు తిప్పినా, అమ్మమ్మ ఒక్కరు "పోనీలే పాపం" అని దూకుతున్న కుక్కను దగ్గరికి తీసుకుంటే, ఎప్పుడో ఒకప్పుడు ఫలిస్తుందన్న ఆశతో అది ఇంకా మొండిగా దూకుతుంది. కనుక కుక్క కంటె ముందు పాఠం చెప్పవలసింది ఇంటిల్లిపాదికీ.

అతిథులు వచ్చేటప్పుడు మెడపట్టీకి తాడు తగిలించి, కుక్క హాయిగా నిలబడగలిగేటంత, ఎగరడానికి మాత్రం చాలనంత వదులు ఉంచి, తాడును కాలి కింద తొక్కిపట్టండి. వచ్చినవారు వృద్ధులైనా, కుక్కంటే భయపడేవారైనా ప్రయోగాలు వద్దు. నమలడానికి ఏదైనా ఇచ్చి దాన్ని వేరే గదిలో ఉంచండి. ఒళ్ళు బిగబట్టి, గుర్రుమంటూ మీదికి వచ్చే కుక్కకు ఈ పాఠం వర్తించదు. ఆ గుర్రును అణచివేస్తే తరువాత హెచ్చరిక లేకుండానే కరవవచ్చు, పశువైద్యుణ్ణి సంప్రదించండి.

ఈ వారం రోజుకు పదిసార్లు ఉత్తుత్తిగా బయటికి వెళ్ళి రండి. ప్రతిసారీ ఎన్నిమార్లు దూకిందో గుమ్మం పక్కన వేలాడదీసిన కాగితం మీద గీతలు పెట్టండి. వరుసగా రెండు రోజులు పదింటిలో ఎనిమిదిసార్లు కాళ్ళు నేల మీదే ఉంటే, తాడు లాగకుండా పక్కన నడిపించే అయిదో పాఠానికి మీ కుక్క సిద్ధమైనట్టు.