సైకిళ్లు గోడెక్కించాలంటే స్లాటెడ్ యాంగిల్ చాలు

ఇంట్లో రెండు మూడు సైకిళ్లుండి వరండాలో నడవడానికి చోటు లేకపోతే రెడీమేడ్ స్టాండ్ కొనక్కర్లేదు. కొట్లలో ర్యాకులకు వాడే చిల్లుల యాంగిల్ (L ఆకారపు ఇనప పట్టీ, దీన్నే స్లాటెడ్ యాంగిల్ అంటారు) ఉంటుంది కదా, అదే సరిపోతుంది. విజయనగరంలోనైనా శ్రీకాకుళంలోనైనా ఇనప సామాన్ల కొట్లో అడగండి.

రెండు నిలువు ముక్కలు గోడకు యాంకర్ బోల్టులతో బిగించి, వాటికి అడ్డంగా ఇంకో ముక్క నట్లు, బోల్టులతో వేయాలి. కొక్కేలు దానికే. పిల్లల సైకిల్ అయితే అడ్డం ముక్కను కిందికి దించుకోవచ్చు, వాళ్లు ఎదిగి పెద్ద సైకిల్ కొన్నాక పైకి జరుపుకోవచ్చు. మళ్లీ డ్రిల్లు పట్టే పనే లేదు.

అసలు కిటుకు ఎత్తు దగ్గరుంది. ముందు చక్రం తగిలించాక వెనక చక్రం నేలకు రెండు మూడు అంగుళాల ఎత్తులోనే ఉండాలి. అప్పుడు సైకిల్‌ను వెనక చక్రం మీద నిలబెట్టి కాస్త ఎత్తితే చాలు, బరువంతా చేతుల మీద పడదు. హ్యాండిళ్లు ఒకదానికొకటి తగులుతుంటే, పక్క సైకిల్‌కి జానెడు ఎత్తులో ఇంకో అడ్డం ముక్క వేయండి.

కొక్కేలకు పాత ట్యూబు ముక్క తొడిగితే రిమ్ గీసుకోదు. కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలికి మామూలు బోల్టులు ఇట్టే తుప్పు పడతాయి, జీఐవే (జింకు పూత ఉన్నవే) తీసుకోండి. యాంకర్ ఇటుకలోకి దిగాలి, ఒట్టి ప్లాస్టరింగ్‌లో నిలవదు. మట్టి గోడలకైతే ఈ పని పెట్టుకోవద్దు.