వేపుడు మానక్కర్లేదు: రోజువారీ వంటలో నూనె, ఉప్పు తగ్గించే పద్ధతులు

ముందు మీ ఇంట్లో నెలకు నూనె ఎంత అవుతోందో లెక్క చూసుకోండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2000 కిలోకేలరీల ఆహారం తీసుకునే మనిషికి నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు చాలు. అంటే రెండు టేబుల్ స్పూన్లు. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు. మీకు అయిదు లీటర్ల డబ్బా కూడా చాలడం లేదంటే, ఆ ఎక్కువంతా సాధారణంగా వేపుళ్లలోకే పోతుంటుంది.

వేపుడుకు అంత నూనె ఎందుకు పడుతుంది? ముక్క ఉడకాలన్నా, ఎర్రగా వేగాలన్నా మనం నూనె మీదే ఆధారపడతాం. ఉడకడం ఆవిరి మీద కానిచ్చేస్తే వేగడానికి కొంచెం నూనె సరిపోతుంది.

దొండకాయ వేపుడు చూద్దాం. అరకిలో కాయలను సన్నగా నిలువుగా తరిగి, ఇడ్లీ పాత్రలో ఏడెనిమిది నిమిషాలు ఆవిరి పట్టండి. గోరుతో నొక్కితే దిగాలి, చితికిపోకూడదు. తీశాక పళ్లెంలో పరిచి, ఫ్యాన్ కింద పావుగంట ఆరనివ్వండి. ఈ ఆరబెట్టడం దగ్గరే చాలామంది తొందరపడతారు. తడి ఉన్నంతసేపు ముక్క వేగదు, ఉడుకుతూనే ఉంటుంది. అప్పుడు విసుగొచ్చి ఇంకో గరిటె నూనె పోసేస్తాం. అడుగు మందంగా ఉన్న వెడల్పాటి ఇనప మూకుడులో ఒకటిన్నర టేబుల్ స్పూన్ల నూనె వేసి, బాగా కాగాక పోపు పెట్టి, ముక్కలు ఒకే వరసగా పరచండి. మూత పెట్టొద్దు, మూతకు పట్టిన నీరు మళ్లీ మూకుడులోకే కారుతుంది. రెండు నిమిషాలకోసారి మాత్రం తిప్పండి. ఊరికే కలుపుతుంటే రంగు రాదు, ముక్క విరుగుతుంది. ఉప్పు, కారం దించేముందే వేయాలి. ఉప్పు ముందు పడితే ముక్కలోంచి నీరు ఊరుతుంది, కారం ముందు పడితే మాడుతుంది. అరటికాయ, కంద, బంగాళాదుంప, బీన్స్ కూడా ఇలాగే చేసుకోవచ్చు. దుంపలైతే ముక్కలను ముప్పాతిక వంతు ఉడికించి, పూర్తిగా చల్లారాక మూకుడులో వేయండి, అంటుకోవు.

బెండకాయకు ఇది పనికిరాదు. ఆవిరి పడితే జిగురు పెరుగుతుంది. కాయలను కడిగి, తుడిచి, ఆరాకే తరగండి. రెండు టేబుల్ స్పూన్ల నూనెలో, మూత లేకుండా, కొంచెం పెద్ద మంట మీద వేయించండి. జిగురు వదలకపోతే నూనె పెంచకుండా ఒక చెంచా పుల్లపెరుగు వేసి చూడండి.

ఇక వంకాయ. అది స్పాంజిలా నూనె పీల్చేస్తుంది, కాబట్టి నూనె తగలకముందే మెత్తబడాలి. గుత్తి వంకాయకు పల్లీలు రెండు టేబుల్ స్పూన్లు, నువ్వులు ఒకటి, ధనియాలు, జీలకర్ర, ఎండుమిర్చి నూనె లేకుండా సన్నసెగన వేయించి, చింతపండు, ఉప్పు, వెల్లుల్లి కలిపి నూరండి. పల్లీలు, నువ్వుల్లో ఉన్న నూనే చాలు, ఎండుకొబ్బరి మానేయవచ్చు. అరకిలో చిన్న వంకాయల్లో ఈ ముద్ద కూరి, కుక్కర్లో రెండు చిన్న చెంచాల నూనె వేసి కాయలు పేర్చి, పావు గ్లాసు నీళ్లు పోసి, సన్న మంట మీద ఒక్క విజిల్ రానివ్వండి. రెండో విజిల్ వస్తే కాయలు చెదిరిపోతాయి. ఆవిరి పోయాక మూత తీసి అయిదు నిమిషాలు దగ్గరపడనిస్తే ముద్దలోంచి నూనె పైకి తేలుతుంది. అప్పుడు కూర అయినట్టే.

గారెలు పండక్కి చేసుకోండి, బాగానే చేసుకోండి. పిండి పలచబడినా, నూనె సరిగ్గా కాగకపోయినా గారె ఎక్కువ నూనె తాగుతుంది. చిటికెడు పిండి వేస్తే వెంటనే పైకి తేలాలి. మామూలు రోజుల్లో అదే పిండిని గుంట పొంగనాల పెనం మీద గుంటకు మూడు నాలుగు చుక్కల నూనెతో కాల్చుకోవచ్చు. గారె కరకరలు రావు గానీ అల్లం చట్నీతో మంచి టిఫిన్. కాగిన నూనెను మళ్లీ మళ్లీ వేపుళ్లకు కాచకండి. వడగట్టి, ఒకటి రెండు రోజుల్లో పోపులకు వాడేయండి.

అన్నం బదులు కొర్రలు తింటే బరువు తగ్గుతామన్న నమ్మకం గురించి ఒక మాట. కేలరీల్లో రెంటికీ పెద్ద తేడా లేదు. కొర్రల్లో పీచు ఎక్కువ, లాభం అక్కడ. అది కూడా పాలిష్ పట్టనివైతేనే. కనీసం రెండు గంటలు నానబెట్టి, గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్లతో వండి, దించాక పది నిమిషాలు మూత తీయకండి. చల్లారితే పొడిపొడిగా గొంతుకు అడ్డుపడతాయి కాబట్టి వేడిగా తినండి, లేదంటే పులిహోర కలపండి, అందులో ఆ పొడితనమే కావాలి. ఇడ్లీకి గ్లాసు మినప్పప్పుకు పోసే రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వలో ఒక గ్లాసు మాత్రమే కొర్ర రవ్వకు మార్చండి. మొత్తం మారిస్తే ఇడ్లీ గట్టిపడుతుంది. వరి అన్నమే కావాలంటే రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన తెలంగాణ సోనా చూడండి, మిగతా సన్నబియ్యం కంటే దాని గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే కొలత) తక్కువ. పంచదార బదులు బెల్లం వేసినా కేలరీలు దాదాపు అంతే, కాబట్టి కొలత తగ్గించాల్సిందే.

ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు, ఒక చిన్న చెంచా, మించకూడదు. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయల ఉప్పు కూడా ఆ లెక్కలోదే. పచ్చడి వేసుకునే రోజున పెరుగన్నంలో ఉప్పు కలపకండి. చారులో పావు వంతు తగ్గించి, వేయించిన జీలకర్ర పొడి, నిమ్మరసం దించాక వేస్తే లోటు తెలియదు. సోడియం తక్కువని అమ్మే ఉప్పుల్లో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, బీపీకి మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా వాటికి మారకూడదు.