చెరువులో నత్తలు ఏరే ముందు

గోల్డెన్ యాపిల్ నత్తల్ని (వరి నారు తినేసే పెద్ద మంచినీటి నత్తలు) ఏరడానికి దిగుతున్నారా? ముందు మీ చేతులు చూసుకోండి. మానని పుండు ఉంటే ఆ పని ఇంకొకరికి అప్పగించండి.

• పొడవాటి రబ్బరు బూట్లు, గ్లవ్స్ తప్పనిసరి. గ్లవ్స్‌లో నీళ్లు పోసి చూడండి, సన్నటి చిల్లున్నా పారేయండి. షిస్టోసోమియాసిస్ (నీళ్లలోంచి ఒంట్లోకి దూరే పురుగుల వల్ల వచ్చే జబ్బు) ఉన్న ప్రాంతాల్లో మరీ జాగ్రత్త. అక్కడ వేరే జాతుల మంచినీటి నత్తల్లోంచి వచ్చే పురుగు పిల్లలకు గాయంతో పనిలేదు, మామూలు చర్మంలోంచే దూరిపోతాయి. అలాంటి చోట నేనైతే నీళ్లలో కాలే పెట్టను, గట్టు మీంచి వలతో లాగుతాను.

• నీటికి పైన, కాడలకు అంటుకున్న గులాబీ రంగు గుత్తులు వాటి గుడ్లు. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ విషం. పుల్లతో నీళ్లలోకి గీకేయండి. మునిగితే చాలావరకు పొదగవు.

• పని మధ్యలో తిండి, బీడీ వద్దు.

• ఏరినవాటిని ఇంకో కాలవలో వదలొద్దు. గుల్ల మూత బిగించుకుని నీళ్లు లేకుండా నెలల తరబడి బతుకుతాయి.

• వండుకుందామనుకుంటే బాగా ఉడకాల్సిందే. పచ్చి నత్తలో ఉండే ఎలుక ఊపిరితిత్తుల పురుగు మన మెదడు దాకా వెళ్తుంది. తర్వాతి వారాల్లో విపరీతమైన తలనొప్పి, మెడ పట్టేయడం ఉంటే డాక్టరుకు నత్తల సంగతి కూడా చెప్పండి.